వంగిన నడుములు, వేతనం లేని విశ్రాంతి

పాతికేళ్ల క్రితం మా మసీదు చివరి వరుసలో ఒకటో రెండో కుర్చీలు మాత్రమే ఉండేవి. అవి వయసు మళ్లిన పెద్దల కోసం ఉద్దేశించినవి. నేడు ఆ కుర్చీల వరుస బాగా పొడవైంది. వాటిలో కూర్చుని నమాజు చేసేవారందరూ వృద్ధులయితే బాధపడవలసిన పని లేదు. కాని వారిలో సగం మందికి ఇంకా తల కూడా నెరవలేదు. నలభై, నలభై అయిదేళ్ల వయసులోనే వారు రుకూకు వంగలేరు, సజ్దాకు మోకాళ్లు ఆనించలేరు. పలకరిస్తే, “నడుము పట్టేసింది మౌలానా సాబ్” అని ఒకరు, “మోకాలు మడత పడటం లేదు” అని మరొకరు చెబుతారు. ఏం పని చేస్తారని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరు టైల్స్ పరిచే మేస్త్రీ. ఒకరు కార్చోబ్ పనివారు. ఒకరు దర్జీ. మరొకరు మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ.

“మీరు ఏం పని చేస్తారు?” అన్న ఈ చిన్న ప్రశ్నకు వైద్యచరిత్రలో గొప్ప స్థానం ఉంది. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700 సంవత్సరంలో శ్రామికుల వ్యాధులపై ఒక గ్రంథం వెలువరించారు. రోగిని వైద్యుడు అడగవలసిన ప్రశ్నలలో అతని వృత్తిని గురించిన ప్రశ్న కూడా తప్పక ఉండాలని ఆయన బోధించారు. పనిచోట పీల్చే ధూళి, ఆవిరులు ఒక కారణమైతే, శరీరాన్ని అసహజమైన భంగిమలలో గంటల తరబడి ఉంచడం శ్రామికుల వ్యాధులకు మరొక ప్రధాన కారణమని ఆయన గుర్తించారు. మూడు శతాబ్దాలు గడిచాయి. అయినా మన వీధులలోని వైద్యులలో ఎంతమంది ఈ ప్రశ్న అడుగుతున్నారు? నొప్పి ఎక్కడ అని అడుగుతారు, సూది వేస్తారు, పంపిస్తారు.

హాజరు పట్టికలో ఒక ఖాళీ గడి

నేను ఈ విషయాన్ని గురించి ఆలోచించడానికి కారణం ఒక విద్యార్థి. చురుకైన బాలుడు, వయసు పన్నెండేళ్లు. ఒక వారం రోజులు మదరసాకు రాలేదు. రెండవ వారమూ రాలేదు. జ్వరమేమో అనుకుని వారి ఇంటికి వెళ్లాను. తలుపు పక్కన చాప మీద బాలుని తండ్రి పడుకుని ఉన్నాడు. లోపలి గదిలో కార్చోబ్ అడ్డా బిగించి ఉంది. దాని ముందు, తండ్రి కూర్చోవలసిన చోట, నా విద్యార్థి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సలాము చేసి తల దించుకున్నాడు, చేతిలోని సూదిని మాత్రం వదలలేదు.

ఆ తండ్రి ఇరవై రెండేళ్లుగా జరీ పని చేస్తున్నాడు. కార్చోబ్ పని చూడనివారికి దాని శ్రమ తెలియదు. చెక్క చట్రానికి బట్టను బిగుతుగా లాగి కడతారు. పనివారు దాని చుట్టూ నేల మీద కాళ్లు మడుచుకుని కూర్చుంటారు. ఒక చేయి బట్ట పైన, మరొక చేయి బట్ట కింద ఉంటాయి. కింది చేయి దారాన్ని అందిస్తే పై చేయి సూదితో దానిని పైకి లాగుతుంది. కన్ను కుట్టు మీద నుంచి కదలరాదు, కాబట్టి మెడ వంగే ఉంటుంది. పెళ్లిళ్ల కాలంలో రోజుకు పది, పన్నెండు గంటలు ఇదే భంగిమ. మొదట నడుములో చిన్న నొప్పి. తరువాత నొప్పి కాలిలోకి పాకింది. మందుల దుకాణంలో మాత్రలు కొని మింగుతూ ఆయన మూడేళ్లు నెట్టుకొచ్చాడు. ఒకనాటి ఉదయం అడ్డా ముందు నుంచి లేవబోయి లేవలేకపోయాడు. వెన్నుపూసల మధ్య డిస్క్ జారిందని, కొన్ని వారాలు ఆ పని మానుకోవాలని పెద్దాసుపత్రిలో చెప్పారు.

“మానుకుంటే ఎలా మౌలానా సాబ్? నాకు నెల జీతమా? కుట్టిన దానికే డబ్బు,” అన్నాడాయన. పని ఇచ్చే యజమాని రెండు వారాలు ఊరుకుని, ఆ తరువాత ఒప్పుకున్న చీరలు పూర్తి చేయమని కబురు పంపాడట. అందుకే కొడుకు అడ్డా ముందు కూర్చున్నాడు. ఆ తండ్రి అనారోగ్య సెలవు ఏ కార్యాలయంలోనూ నమోదు కాలేదు. నమోదయింది నా హాజరు పట్టికలో, ఆ పిల్లవాని పేరు ఎదుట ఉన్న ఖాళీ గడులలో.

శరీరంలో జరిగేది ఏమిటి?

మన వెన్నెముకలోని పూసల మధ్య మెత్తని డిస్కులు ఉంటాయి. ఎదిగిన మనిషిలో ఈ డిస్కుల లోపలికి రక్తనాళాలు దాదాపు ఉండవు. మనం కదులుతున్నప్పుడు ఒత్తిడి పెరగడం, తగ్గడం వల్ల పోషకాలు చుట్టూ ఉన్న కణజాలం నుంచి వాటిలోకి చేరతాయి. అంటే కదలికే డిస్కుకు ఆహారం. గంటల తరబడి ఒకే రీతిలో వంగి కూర్చున్నవాని డిస్కులపై బరువు తగ్గదు, పోషణ సరిగా అందదు. స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల నుంచి డిస్కు లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచి, నిటారుగా నిలుచున్నప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుందని చూపారు. పడుకున్నప్పుడు అన్నిటికంటే తక్కువ.

కండరాలదీ ఇదే కథ. బిగుసుకున్న కండరం తన లోపలి రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. బిగువు సడలితేనే రక్తం మళ్లీ ప్రవహిస్తుంది. గోడలకు, పైకప్పులకు రంగులు వేసేవారు చేతులను భుజాల కంటే ఎత్తులో ఉంచి పని చేస్తారు. వారి భుజపు ఎముకల నడుమ స్నాయువు నలిగి, క్రమంగా చీలికలు పడవచ్చు. గొంతుకూర్చుని, మోకాళ్లూని టైల్స్ పరిచేవారి మోకాలి కీలు మృదులాస్థి అరుగుతుంది. కట్టడాల మీద ఇనుప కడ్డీలు కట్టేవారు రోజంతా నడుము వంచే ఉంటారు.

ఇందులో మోసపుచ్చే సంగతి ఒకటుంది. నిచ్చెన మీది నుంచి పడితే అది ప్రమాదమని అందరికీ తెలుస్తుంది. భంగిమ వల్ల కలిగే హాని అలా కాదు. అది ఏళ్ల తరబడి అప్పులా పేరుకుని, ఒకనాడు మొత్తం బాకీని ఒక్కసారే అడుగుతుంది. అందువల్లనే పనివాడు దానిని పని తెచ్చిన వ్యాధిగా గుర్తించడు, వయసు అంటాడు, వాతం అంటాడు, తలరాత అంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి వారి సంఖ్య 84 కోట్ల 30 లక్షలకు చేరుతుందని అంచనా. మనుషులను పనికి దూరం చేసే కారణాలలో లోకమంతటా నడుము నొప్పిదే మొదటి స్థానం.

లెక్క ఉన్న దేశం, లెక్క లేని ఇల్లు

డెన్మార్క్ దేశంలో ప్రభుత్వ భృతి పొందిన ప్రతి వ్యక్తి వివరాలనూ వారం వారం నమోదు చేసే జాతీయ పట్టిక 1991 నుంచి ఉన్నది. అనారోగ్య సెలవు భృతి కూడా అందులో చేరుతుంది. అక్కడి పరిశోధకులు వేలాది మంది శ్రామికులను వారి పని భంగిమల గురించి ప్రశ్నించారు. ఆ తరువాత వారిలో ఎవరు ఆరు వారాలు, అంతకు మించి అనారోగ్య సెలవులో ఉన్నారో ఆ పట్టికలో చూశారు. నడుము వంచి లేదా మెలితిప్పి చేసే పని, చేతులు భుజాలకు పైన ఉంచి చేసే పని, గొంతుకూర్చుని లేదా మోకాళ్లూని చేసే పని, బరువులు ఎత్తడం, నెట్టడం, లాగడం - ఇవన్నీ దీర్ఘకాల సెలవు ముప్పును పెంచుతున్నాయని తేలింది. ఒకే మనిషి మీద ఇలాంటి భారాలు రెండు, మూడు కలిస్తే ముప్పు మరింత పెరుగుతుంది.

ఈ విషయం వారికి తెలియడానికి కారణం గమనించండి. అక్కడ జబ్బుపడిన శ్రామికునికి వేతనంతో కూడిన సెలవు ఉంది. మొదటి 30 రోజుల భారం యజమానిది, ఆ తరువాతి భారం పురపాలక సంస్థది. సెలవు ఉన్నది కాబట్టి దానికి లెక్క ఉన్నది. లెక్క ఉన్నది కాబట్టి ఏ పని మనిషిని కుంగదీస్తున్నదో తెలుస్తున్నది. మన ఇళ్లలో సెలవే లేదు కాబట్టి లెక్కా లేదు.

నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే మన అక్కాచెల్లెళ్లను చూడండి. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టడం. గోడకు ఆనుకునే వీలుండదు, ఎందుకంటే చూపు చాటలో ఉండాలి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. అది ముగిశాక అదే నడుముతో వంట, బట్టలు, ఇల్లు ఊడ్వడం. తెలంగాణ ప్రభుత్వం అర్హులైన బీడీ కార్మికులకు నెలవారీ జీవనభృతి ఇస్తున్నది. 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచారు. అది ఎంతో కొంత ఆసరా. కాని నడుము పట్టేసి మంచాన పడిన నెలలో పోయిన కూలికి అది బదులు కాదు.

ఉన్న హక్కును తెలుసుకుందాం

హక్కు లేనివారి మాట అలా ఉంచితే, హక్కు ఉండి కూడా తెలియనివారు మనలో ఎందరో ఉన్నారు. 1948 నాటి చట్టంతో మొదలైన ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, పది మంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారాలకు, దుకాణాలకు వర్తిస్తుంది. నెల జీతం 21,000 రూపాయలకు లోబడి ఉండాలి. జీతంలో కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.

ఈ బీమా అంటే ఉచిత మందులు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే, తత్సంబంధిత కాలంలో జబ్బుపడిన కార్మికునికి సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు నగదు లభిస్తుంది. అంతటితో నయం కాని 34 దీర్ఘవ్యాధులకు విస్తరించిన ప్రయోజనం ఉంది. వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం ఆ జాబితాలో ఉన్న వ్యాధియే. రెండేళ్ల నిరంతర ఉద్యోగం, గత నాలుగు చందా కాలాలలో 156 రోజుల చందా ఉన్నవారికి 80 శాతం వేతనం గరిష్ఠంగా రెండేళ్ల వరకు అందవచ్చు. ఇందుకు ఈఎస్ఐ వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి. వీధి చివర వైద్యుని చీటీతో, దుకాణంలో కొన్న మాత్రలతో కాలం గడిపినవారి చేతిలో ఆ పత్రం ఉండదు. కాబట్టి నొప్పి మొదలైన నాడే ఈఎస్ఐ దవాఖానాకు వెళ్లి, తాము చేసే పని ఎలాంటిదో చెప్పి, దానిని చీటీలో రాయించుకోవాలి.

గల్ఫ్ దేశాలలో పనిచేసే మన కుమారుల విషయమూ ఇంతే. సౌదీ అరేబియా కార్మిక చట్టం ఏడాదిలో మొదటి 30 రోజులు పూర్తి వేతనంతో, తరువాతి 60 రోజులు మూడు వంతుల వేతనంతో, ఆ పైన 30 రోజులు వేతనం లేకుండా అనారోగ్య సెలవు ఇస్తున్నది. ఆ సెలవు పూర్తికాకముందే జబ్బు కారణంగా కార్మికుని తొలగించరాదు. ఎమిరేట్స్‌లో ప్రొబేషన్ ముగిసినవారికి ఏడాదికి 90 రోజులు: 15 రోజులు పూర్తి వేతనం, 30 రోజులు సగం, మిగిలిన 45 రోజులు వేతనం లేకుండా. అయితే మూడు పనిదినాలలోగా యజమానికి తెలియజేసి వైద్య పత్రం సమర్పించాలి.

చట్టం ఉన్నా కార్మికుడు నోరు విప్పడు. పంపించేస్తారేమోనని భయం. ఆ భయంలో ఇంటివారి పాత్ర కూడా ఉంది. “నడుము నొప్పిగా ఉంది అమ్మీ” అని కొడుకు ఫోనులో అన్నప్పుడు, “ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు బేటా, చెల్లెలి పెళ్లి అయిపోతుంది” అని మనం జవాబిస్తాం. ఆ ఒక్క ఏడాది ఓపిక తరువాతి ఇరవై ఏళ్ల శ్రమశక్తిని తినివేయవచ్చునని మనకు తోచదు.

సెలవు అంటే మంచం కాదు

సెలవు గురించి మనలో ఒక అపోహ ఉన్నది. నడుము నొప్పి వస్తే కదలకుండా పడుకోవాలని పెద్దలు చెబుతారు. నేటి వైద్యం అలా చెప్పడం లేదు. సాధారణమైన నడుము నొప్పికి రోజుల తరబడి పడక మేలు కంటే కీడే చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాల నడుము నొప్పిపై వెలువరించిన మార్గదర్శకాలలో వ్యాయామానికి, రోగికి తన శరీరం గురించి బోధించడానికి ప్రాధాన్యమిచ్చింది. నడుము పట్టీలను, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను సాధారణ చికిత్సగా సిఫార్సు చేయలేదు. కాబట్టి సెలవు అంటే హాని చేసిన భంగిమకు సెలవు, కదలికకు కాదు. రోజూ కొంత నడవాలి, వైద్యుడు చూపిన వ్యాయామం చేయాలి, నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగకుండా తేలిక పనితో మెల్లగా తిరిగి మొదలుపెట్టాలి. పనికి దూరమైన కాలం పెరిగిన కొద్దీ మళ్లీ పనిలో చేరే అవకాశం తగ్గుతుందన్నది వృత్తి వైద్యులందరి అనుభవం.

అయితే కొన్ని లక్షణాలను ఒక్క రోజు కూడా ఉపేక్షించరాదు. కాలు బలహీనపడి పాదం ఈడ్చుకుపోవడం, తొడల నడుమ స్పర్శ పోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయరాదు. ఇక నొప్పిని క్షణాలలో మాయం చేసే సూదుల విషయంలో జాగ్రత్త అవసరం. వాటిలో స్టెరాయిడ్లు ఉండవచ్చు. నొప్పి మాత్రలను నెలల తరబడి మింగితే జీర్ణాశయంలో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పనిచోట, ఇంటిలో

మార్పునకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కార్చోబ్ అడ్డాను ఎత్తైన స్టాండ్లపై నిలిపి, పనివారికి వీపు ఆనే కుర్చీలు ఇవ్వవచ్చు. టైల్స్ పరిచేవారికి మోకాళ్లకు మెత్తలు కావాలి. దర్జీకి తగిన ఎత్తున్న బల్ల కావాలి. ఒకే భంగిమ అరగంటకు మించకుండా లేచి నాలుగడుగులు వేయడం ఎవరైనా చేయగలరు. పొద్దున వంగి చేసే పని, మధ్యాహ్నం నిలబడి చేసే పని అన్నట్టు మార్చుకోవచ్చు. మగవారు మోసే బరువు 55 కిలోలు మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, రోజంతా మోయదగిన బరువని దాని అర్థం కాదు. 50 కిలోల బస్తాను ఇద్దరు పట్టి ఎత్తితే ఎవరి గౌరవమూ తగ్గదు.

ఇంటిలో పొడవైన పిడి ఉన్న చీపురు, నేల మీద కాక మోచేతి ఎత్తులో ఉన్న గట్టు మీద కూరలు తరగడం, పెద్ద బిందెకు బదులు రెండు చిన్న బిందెలు - ఇవి స్త్రీల నడుమును కాపాడతాయి. బీడీలు చుట్టే సోదరీమణులు చాటను చిన్న పీట మీద పెట్టుకుని, వెనుక గోడకు ఆనుకునేలా కూర్చుంటే మెడ వంపు తగ్గుతుంది. మా మదరసాలో సైతం పిల్లలు ముందుకు వంగి చదివే చిన్న బల్లల ఎత్తు పెంచాము. ముప్పై ఏళ్లుగా నేల మీద కూర్చుని పాఠం చెప్పిన నేను, ఆ పని నా నడుము కోసమైనా ముందే చేసి ఉండవలసింది.

యజమానులకు ఒక మాట. మీలో చాలామంది నమాజీలు. పనివారికి శక్తికి మించిన భారం పెట్టవద్దని, పెట్టవలసి వస్తే మీరూ చేయి కలపాలని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మీకు తెలుసు. చేయి కలపడమంటే ఒక బస్తా పట్టడం మాత్రమే కాదు. అడ్డా ఎత్తు పెంచడం, జబ్బు రోజులలో సగం కూలి అయినా ఇవ్వడం, బిడ్డను పనిలో కూర్చోబెట్టవద్దని చెప్పడం కూడా అందులో భాగమే.

మసీదు కమిటీలకు మరొక మాట. శస్త్రచికిత్సకు చందా అడిగితే జనం ఉదారంగా ఇస్తారు. శస్త్రచికిత్స అక్కరలేని, ఆరు వారాల విశ్రాంతి మాత్రమే కావలసిన కూలివాని ఇంటికి ఆ ఆరు వారాల బియ్యం, అద్దె, పాలు ఎవరిస్తారు? ఆ విశ్రాంతి దొరకనందుకే అనేకులు చివరికి శస్త్రచికిత్స బల్ల దాకా వెళుతున్నారు. బైతుల్‌మాల్‌లో అర్హులైన ఇలాంటి కుటుంబాలకు కొంత భాగం కేటాయిస్తే, అది ఆసుపత్రి బిల్లు కంటే చవక.

ఆ బాలుని విషయంలో మా వీధివారు ఈ పనే చేశారు. రెండు నెలల రేషను, ఇంటి అద్దెలో కొంత సమకూర్చారు. ఇద్దరు పెద్దలు వెళ్లి యజమానితో మాట్లాడితే, మిగిలిన చీరలను ఆయన వేరొకరికి అప్పగించాడు. ఆ తండ్రి ఇప్పుడు ఎత్తైన స్టాండు ముందు కుర్చీలో కూర్చుని రోజుకు నాలుగైదు గంటలే పని చేస్తున్నాడు. సంపాదన మునుపటి అంత లేదు. నొప్పి పూర్తిగా పోలేదు. పెళ్లిళ్ల కాలం వస్తే ఏమవుతుందోనన్న దిగులు ఆ ఇంట్లో ఇంకా ఉంది. కాని నా హాజరు పట్టికలో ఆ పిల్లవాని పేరు ఎదుట ఖాళీ గడులు లేవు. ఈసారి మీ పిల్లల తరగతిలో ఎవరైనా రావడం మానేస్తే, అతని ఇంటికి వెళ్లి తండ్రి నడుము ఎలా ఉందో అడగండి.